మొదటి రోజు బయటపడని తప్పు

సెకనులో మూడో వంతు. కన్ను మూసి తెరిచేంత కాలం. కంప్యూటరు గడియారంలో వచ్చిన ఆపాటి తేడా 1991లో 28 మంది ప్రాణాలు తీసింది.

తెలుగు జిల్లాల నుంచి గల్ఫుకు వెళ్లి వచ్చినవారికి దమ్మాం, అల్ ఖోబర్ పేర్లు పరిచయమే. వాటి పక్కనే ఉంది దహ్రాన్. అప్పట్లో గల్ఫు యుద్ధం నడుస్తోంది. ఇరాక్ వదిలే స్కడ్ క్షిపణులను ఆకాశంలోనే కూల్చటానికి అమెరికా సైన్యం అక్కడ పేట్రియాట్ అనే రక్షణ క్షిపణులను నిలబెట్టింది. ఫిబ్రవరి 25 రాత్రి ఒక స్కడ్ వచ్చింది. పేట్రియాట్ కదల్లేదు. స్కడ్ నేరుగా సైనికులు ఉంటున్న వసతి మీద పడింది. 28 మంది చనిపోయారు. సుమారు వంద మంది గాయపడ్డారు.

యంత్రం చెడిపోలేదు. కాపలావాళ్లు నిద్రపోలేదు. కాలాన్ని లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాములో తప్పుంది. అమెరికా పార్లమెంటు తరఫున తనిఖీలు చేసే కార్యాలయం 1992 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో ఈ సంగతి బయటపెట్టింది.

ఇలాంటి తప్పుకు ఒక గుణముంది. మొదటి రోజు అది కనపడదు. రెండో రోజూ కనపడదు. యంత్రం బాగా పనిచేస్తోందని అందరూ నమ్మిన తర్వాత, ఎన్నడో ఒకనాడు బయటపడుతుంది. ఆ నాటిని ముందుగానే పిలిచి చూడటమే టైమర్లను పరీక్షించేవారి పని.

వడ్రంగి పెట్టెలో పనిముట్టు

టైమరు అంటే కొత్త సంగతేమీ కాదు. కరెంటు వచ్చిన తర్వాత కొద్దిసేపు ఆగి మోటారును నడిపించే ఆటోస్టార్టరులో టైమరుంది. బ్యాంకు ఫోనుకు పంపే ఓటీపీ గడువు దాటితే చెల్లకుండా చేసేది టైమరే. రైలు టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఆలస్యం చేస్తే మళ్లీ మొదటికి పంపేదీ అదే. "ఇంతసేపు ఆగు", "ఇంతసేపు అయింది, చెప్పు", "ఇప్పుడు టైమెంత" - కంప్యూటరు ఇచ్చే ఈ మూడు రకాల సేవలూ టైమరు పనులే.

ప్రతి ప్రోగ్రాము రాసేవాడూ ఈ పనులను మొదటి నుంచి రాసుకోడు. వడ్రంగి ప్రతి తలుపుకూ కొత్త ఉలి చేయించుకోడు కదా. పెట్టెలో ఉన్న ఉలినే తీస్తాడు. కంప్యూటరు రంగంలో అలాంటి పనిముట్ల పెట్టెను లైబ్రరీ అంటారు. అందులో టైమరు ఒక పనిముట్టు. దాన్ని ఒకచోట ఒకరు తయారుచేస్తారు. లక్షల ప్రోగ్రాములు వాడుకుంటాయి.

ఉలి అంచు వంకరగా ఉంటే ఆ ఉలితో చెక్కిన ప్రతి తలుపూ వంకరే. అందుకే ఈ చిన్న పనిముట్టును పరీక్షించటానికి ఏళ్ల తరబడి శ్రమపడేవారున్నారు.

కుంచంలో పదో వంతు

ఇంతకీ దహ్రాన్‌లో జరిగిందేమిటి? దాన్ని అర్థం చేసుకోవటానికి పాత కొలతలు పనికొస్తాయి. కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక. మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల. సోలకు నాలుగు గిద్దలు. అంతా సగాల లెక్కే.

ఇప్పుడు కుంచంలో సరిగ్గా పదో వంతు కొలవమంటే? ఒక సోల పోయాలి. తర్వాత రెండు గిద్దలు. ఇంకా కొంచెం మిగులుతుంది. అర గిద్ద పోస్తే ఎక్కువవుతుంది. పావు గిద్ద పోస్తే చాలదు. దానిమీద అరపావు గిద్ద పోసినా ఇంకా వెలితే. సగంలో సగం చేసుకుంటూ ఎంత దూరం పోయినా పదో వంతు కచ్చితంగా రాదు. ఎక్కడో ఒకచోట చాలని ఆపాల్సిందే.

కంప్యూటరుకు తెలిసిన కొలతలు కూడా ఇలాంటి సగాలే. పేట్రియాట్‌లోని గడియారం సెకనులో పదో వంతుకు ఒకటి చొప్పున లెక్కపెట్టేది. ఆ లెక్కను సెకన్లలోకి మార్చటానికి పదో వంతుతో గుణించాలి. ఆ పదో వంతును దాచుకోవటానికి ఉన్నవి 24 గడులు. అక్కడికి ఆపేశారు. వెలితి ఎంతంటే కోటి భాగాలు చేస్తే ఒక భాగం కూడా ఉండదు.

ఒక్కసారికి అది లెక్కలోకి రాదు. కాని ఆ యంత్రం అప్పటికి ఆపకుండా 100 గంటలు నడిచింది. వంద గంటలంటే సెకనులో పదో వంతులు 36 లక్షలు. వెలితి పేరుకుపోయి సెకనులో మూడో వంతు అయింది. స్కడ్ సెకనుకు ఒకటిన్నర కిలోమీటరుకు మించిన వేగంతో వస్తుంది. సెకనులో మూడో వంతు తేడా అంటే అర కిలోమీటరుకు పైగా దూరం. స్కడ్ ఫలానా చోట ఉండాలని యంత్రం లెక్కగట్టి అక్కడ చూసింది. అక్కడ ఏమీ లేదు. వచ్చింది క్షిపణి కాదనుకుని ఊరుకుంది.

పేట్రియాట్‌ను మొదట యూరప్‌లో వాడటానికి తయారుచేశారు. ఒకచోట కొద్ది గంటలు ఉండి వేరేచోటికి తరలిపోయే యంత్రమది. వంద గంటలు ఏకధాటిగా నడుపుతారని ఎవరూ అనుకోలేదు. అందువల్ల అంతసేపు నడిపి పరీక్షించలేదు. ఇజ్రాయెల్ సైన్యం మాత్రం ఎనిమిది గంటలు నడిస్తేనే లెక్క పక్కకు జరుగుతోందని గమనించి ఫిబ్రవరి 11నే చెప్పింది. ఎక్కువసేపు నడిపితే తేడా వస్తుందని ఫిబ్రవరి 21న సైన్యానికి కబురు వెళ్లింది. ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో అందులో లేదు. యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ నడిపితే గడియారం సున్నకు వచ్చేది. ఒకటి రెండు నిమిషాల పని. దిద్దిన ప్రోగ్రాము దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న. అప్పటికి ఒక రోజు ఆలస్యమైంది.

సగం దిద్దితే మరీ ముప్పు

ఇందులో ఇంకో మెలిక ఉంది. గణితశాస్త్రజ్ఞుడు రాబర్ట్ స్కీల్ 1992లో దీన్ని వివరించాడు. కాలాన్ని మరింత కచ్చితంగా మార్చే కొత్త పనిముట్టును అంతకు ముందే ప్రోగ్రాములో చేర్చారు. అయితే కావలసిన అన్ని చోట్లా చేర్చలేదు. కొన్ని చోట్ల కొత్త లెక్క, కొన్ని చోట్ల పాత లెక్క ఉండిపోయాయి.

ఒకే తప్పు గడియారంతో రెండుసార్లు టైము చూస్తే, రెండింటి మధ్య వ్యవధి దాదాపు సరిగ్గానే వస్తుంది. పది నిమిషాలు వెనకబడ్డ గడియారంతో చూసినా పొయ్యి మీద అన్నం ఎంతసేపు ఉడికిందో తెలుస్తుంది. ఎక్కేటప్పుడు ఒక గడియారం, దించేటప్పుడు వేరే గడియారం చూస్తేనే చిక్కు. దహ్రాన్‌లో జరిగింది ఇదే. పనిముట్టును మెరుగుచేసినప్పుడు దాన్ని వాడే ప్రతి చోటునూ వెతికి మార్చాలి. లేకపోతే దిద్దుబాటే కొత్త తప్పుకు దారి చూపుతుంది.

నిండిపోయే లెక్క

స్కూటరు మీటరులో అయిదు అంకెలుంటే 99999 తర్వాత 00000 వస్తుంది. కంప్యూటరు లెక్కపెట్టే గడులు కూడా నిండుతాయి. నిండిన తర్వాత మళ్లీ సున్న.

అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్ అనే వ్యవస్థను తయారుచేశారు. 1971 నవంబరులో వచ్చిన దాని మొదటి కైపుస్తకంలోనే టైము చెప్పే పనిముట్టు ఉంది. అది సెకనులో అరవయ్యో వంతుకు ఒకటి చొప్పున లెక్కించేది. ఉన్నవి 32 గడులు. అవి నిండటానికి రెండున్నరేళ్లు కూడా పట్టదు. ఈ లోపం ఉందని ఆ పుస్తకంలో వారే రాసుకున్నారు. తర్వాత లెక్కను సెకన్లకు మార్చి 1970 జనవరి 1 నుంచి మొదలుపెట్టారు.

అందరూ అంత మెలకువగా లేరు. సెకనులో వెయ్యో వంతుకు ఒకటి లెక్కన 32 గడులు నిండటానికి 49 రోజుల 17 గంటలు పడుతుంది. విండోస్ 95, విండోస్ 98 వ్యవస్థలున్న కంప్యూటర్లు ఆపకుండా అన్ని రోజులు నడిస్తే బిగుసుకుపోతాయని మైక్రోసాఫ్ట్ కంపెనీ 1999లో ఒప్పుకొంది. ఆ వ్యవస్థ మార్కెట్లోకి వచ్చింది 1995లో. నాలుగేళ్ల దాకా ఈ సంగతి పైకి రాకపోవటానికి కారణం మామూలుదే. ఇంట్లో, ఆఫీసులో కంప్యూటరును 49 రోజులు ఆపకుండా ఉంచేవారు అరుదు.

2015లో ఇంకో ఉదంతం బయటికి వచ్చింది. ఈసారి విమానం. బోయింగ్ 787లో నాలుగు పెద్ద జనరేటర్లను నాలుగు నియంత్రణ యంత్రాలు చూసుకుంటాయి. ఆ నాలుగింటినీ ఒకేసారి ఆన్ చేసి, 248 రోజులు ఆపకుండా ఉంచితే నాలుగూ ఒకేసారి తప్పుకుంటాయి. విమానం ఆకాశంలో ఉన్నా సరే జనరేటర్ల కరెంటు పోతుంది. సెకనులో నూరో వంతుకు ఒకటి చొప్పున 31 గడులు నిండటానికి పట్టే కాలం కూడా 248 రోజుల పైచిల్లరే. అమెరికా విమానయాన శాఖ వెంటనే ఉత్తర్వు ఇచ్చింది. ప్రోగ్రాము దిద్దేదాకా 120 రోజులు మించకుండా ఒకసారి కరెంటు ఆపి మళ్లీ పెట్టాలని అందులో ఉంది. ఎయిరిండియా 2012 నుంచి నడుపుతున్న విమానాల్లో ఇవీ ఉన్నాయి.

ఈ తప్పు గాలిలో బయటపడలేదు. కంపెనీ ప్రయోగశాలలో పరీక్షిస్తుండగా బయటపడింది. దహ్రాన్‌కూ దీనికీ తేడా అక్కడే ఉంది. తప్పు రెండుచోట్లా ఉంది. ఒకచోట దాన్ని శత్రువు క్షిపణి పట్టుకుంది. ఇంకోచోట పరీక్ష పట్టుకుంది.

అయిదు నిమిషాల చిట్కా

చెరువు కట్ట గట్టిదో కాదో నిండు వానలో తెలుసుకోవటం కన్నా ముందే చూసుకోవటం మంచిది. లినక్స్ అనే వ్యవస్థను తయారుచేసినవారు సరిగ్గా ఇదే చేశారు. ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటికీ అడుగున ఉన్నది లినక్సే.

లినక్స్ లోపల టిక్కు టిక్కుమని లెక్కపెట్టే మీటరొకటి ఉంది. వేగాన్ని బట్టి దాని 32 గడులు నిండటానికి 49 రోజులు పట్టవచ్చు, 497 రోజులు పట్టవచ్చు. కొత్తగా రాసిన ప్రోగ్రాము ఆ మలుపు దగ్గర తడబడుతుందో లేదో తెలుసుకోవటానికి ఏడాదిన్నర కూర్చోవాలా? అక్కర్లేకుండా ఒక ఉపాయం చేశారు. మీటరును సున్న దగ్గర మొదలుపెట్టలేదు. నిండటానికి అయిదు నిమిషాల ముందున్న అంకె దగ్గర మొదలుపెట్టారు. కంప్యూటరు ఆన్ చేసిన అయిదు నిమిషాలకే ఆ మలుపు దాటుతుంది. ప్రోగ్రాములో లోపముంటే రాసినవాడి బల్ల మీదే బయటపడుతుంది. జేబులోని ఆండ్రాయిడ్ ఫోనును ఆపి మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ, అయిదు నిమిషాలకు లోపల ఈ పరీక్ష ఒకటి జరిగిపోతుంది. ఎవరికీ తెలియదు.

మలుపు దాటిన తర్వాత ఏది ముందు, ఏది వెనక అని తేల్చటానికి కూడా ఒక పద్ధతి ఉంది. గోడ గడియారంలో 11, 2 అంకెలున్నాయి. 2 చిన్న అంకె కాబట్టి ముందు వస్తుందని అంటే పొరపాటు. 11 నుంచి ముందుకు నడిస్తే 2కు మూడు గంటలు. 2 నుంచి ముందుకు నడిస్తే 11కు తొమ్మిది గంటలు. దగ్గరి దారినే తీసుకుంటే 11 తర్వాతదే 2 అని తేలుతుంది. లినక్స్‌లో టైములను పోల్చే పనిముట్టు ఈ లెక్కే వేస్తుంది. అంకెలను నేరుగా పోల్చవద్దు, ఈ పనిముట్టునే వాడండి అని అక్కడ నియమం. పనిముట్టు ఒకచోట సరిగ్గా ఉంటే, దాన్ని వాడినవారందరూ గట్టెక్కుతారు.

గడియారం వెనక్కి నడిచిన తెల్లవారు

భూమి తిరుగుడు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. దానికి సరిపెట్టటానికి 1972 నుంచి ప్రపంచ కాలమానంలో అప్పుడప్పుడు ఒక సెకను కలుపుతూ వచ్చారు. ఇప్పటికి 27 సార్లు కలిపారు. దాన్ని లీపు సెకను అంటారు. చివరిసారి కలిపింది 2016 డిసెంబరు 31న. మన దేశంలో అప్పటికి కొత్త సంవత్సరం తెల్లవారుజాము 5 గంటల 30 నిమిషాలవుతోంది.

చాలా కంప్యూటర్లు ఈ అదనపు సెకనును కలపటానికి గడియారాన్ని ఒక సెకను వెనక్కి తిప్పుతాయి. ఇంటర్నెట్ చిరునామాలు చెప్పే సేవ నడిపే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీకి ఆ రోజు ఇదే దెబ్బ తగిలింది. ప్రశ్న పంపిన టైమును జవాబు వచ్చిన టైములోంచి తీసేస్తే ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. మధ్యలో గడియారం వెనక్కి వెళ్లింది. జవాబు ప్రశ్న కన్నా ముందే వచ్చినట్టు లెక్క తేలింది. సున్న కన్నా తక్కువ కాలం ఉంటుందని ప్రోగ్రాము రాసినవారు అనుకోలేదు. ప్రోగ్రాము కూలిపోయింది. వెయ్యి ప్రశ్నల్లో రెండింటి దాకా జవాబు లేకుండా పోయాయి. ఏడు గంటల్లోపు సరిచేశారు. దిద్దటానికి పట్టింది ఒకే ఒక్క అక్షరం. "సున్నకు సమానమైతే" అన్నచోట "సున్న గాని, అంతకన్నా తక్కువ గాని అయితే" అని మార్చారు.

అంతకు ముందు 2012 జూన్ 30న కలిపిన లీపు సెకనుకు లినక్స్ టైమర్లు తడబడ్డాయి. ఎన్నో సంస్థల్లో కంప్యూటర్లు పనిలేకపోయినా పూర్తి వేగంతో తిరిగాయి. తేదీని మళ్లీ ఒకసారి పెట్టిన తర్వాతగాని అవి కుదుటపడలేదు.

అసలు కిటుకు ఏమిటంటే కంప్యూటరులో రెండు రకాల గడియారాలున్నాయి. ఒకటి గోడ గడియారం లాంటిది. ముందుకూ వెనక్కూ తిప్పవచ్చు. తేదీ, టైము చెప్పటానికి అది. ఇంకొకటి ఇసుక గడియారం లాంటిది. ఎప్పుడూ ముందుకే. ఎంతసేపు గడిచిందో కొలవటానికి ఇదే వాడాలి. క్లౌడ్‌ఫ్లేర్ ప్రోగ్రామును గో అనే భాషలో రాశారు. దాని లైబ్రరీలో అప్పటికి ప్రోగ్రాములు రాసేవారికి ఇచ్చింది మొదటి గడియారమే.

గో తయారీదారులు 2017 ఆగస్టులో వచ్చిన 1.9 కూర్పులో దీన్ని సరిచేశారు. "టైమెంత" అని అడిగితే లైబ్రరీ ఇకమీదట రెండు గడియారాలూ చూసి రెండూ గుర్తుపెట్టుకుంటుంది. తేదీ అడిగితే మొదటిది చెబుతుంది. రెండు టైముల మధ్య వ్యవధి అడిగితే రెండోది చూసి చెబుతుంది. ప్రోగ్రాములు రాసినవారు తమ రాతలో ఒక్క ముక్క మార్చనక్కర్లేదు. కొత్త కూర్పుతో మళ్లీ తయారుచేసుకుంటే చాలు. దహ్రాన్‌లో కొన్ని చోట్లే దిద్దినందువల్ల వచ్చిన చిక్కు ఇక్కడ రాకుండా చూసుకున్నారు.

లీపు సెకనుతో వచ్చే తలనొప్పి ఇలాగే ఉండటంతో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ 2022 నవంబరులో ఒక నిర్ణయం తీసుకుంది. 2035లోగా ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలన్నది దాని సారాంశం.

బస్సూ, ముడుల తాడూ

"అయిదు సెకన్లు ఆగు" అనే పనిముట్టును పరీక్షించాలి. ఎలా? గడియారం చూసి సరిగ్గా అయిదు సెకన్లకు లేచిందా అని చూస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. కంప్యూటరు ఒకేసారి వంద పనులు చేస్తుంటుంది. దాని వంతు వచ్చేసరికి కాస్త ఆలస్యం కావచ్చు. ఆ రోజు పరీక్ష తప్పుతుంది. మర్నాడు నెగ్గుతుంది. ఇలా ఒక రోజు నెగ్గి ఒక రోజు తప్పే పరీక్షను కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు. నిజమైన తప్పు వచ్చినా "అదెప్పుడూ అంతే" అని వదిలేస్తారు.

అందువల్ల నియమాన్ని వేరుగా పెట్టారు. ఏడు గంటల బస్సు ఏడుంబావుకు వస్తే ప్రయాణికుడు విసుక్కుంటాడు, ఎక్కుతాడు. ఆరూ యాభైకే వెళ్లిపోతే మాత్రం బస్సు తప్పినట్టే. టైమరు కూడా అంతే. చెప్పిన కాలం కన్నా ముందు లేవకూడదు. ఇది గట్టి షరతు. కొంత ఆలస్యం కావచ్చు. ఇది సడలింపు. మధ్యలో ఎవరైనా తట్టి లేపితే ఇంకా ఎంతసేపు మిగిలిందో చెప్పాలి. పరీక్షలు ఈ మూడింటినీ విడివిడిగా చూస్తాయి.

ఆలస్యం ఒకసారికైతే ఫరవాలేదు. ప్రతిసారీ పేరుకుంటే ముప్పు. కొబ్బరి మొక్కలు నాటే రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. ప్రతి మొక్క దగ్గర నుంచి తర్వాతి మొక్కకు కర్రతో కొలుచుకుంటూ పోతే, ఒక్కోసారి జానెడు తేడా వచ్చినా చివరి మొక్క ఎక్కడో పడుతుంది. తాడుకు ముందే ముడులు వేసి, ఒక కొస నుంచి లాగి, ముడి దగ్గరల్లా నాటితే ఒక మొక్క అటూ ఇటూ అయినా తర్వాతి మొక్క సరైన చోటే ఉంటుంది. టైమరు లైబ్రరీల్లో కూడా ఈ రెండో పద్ధతి ఉంది. "ఇంకో సెకను ఆగు" అని వందసార్లు చెప్పే బదులు "ఫలానా టైము వచ్చేదాకా ఆగు" అని చెప్పవచ్చు. ఎక్కువ కాలం నడిచే యంత్రాలకు ఇదే క్షేమం.

చేత్తో తిప్పే గడియారం

248 రోజుల తర్వాత వచ్చే తప్పును పట్టుకోవటానికి ఇంకో దారి ఉంది. ప్రోగ్రాముకు నిజమైన గడియారం బదులు ఉత్తుత్తి గడియారం ఇస్తారు. దాని ముళ్లు పరీక్షించేవాడి చేతిలో ఉంటాయి. ఒక్క తిప్పుతో నెల గడుస్తుంది. ఇంకో తిప్పుతో ఏడాది. ప్రోగ్రాము నిజంగానే అంత కాలం గడిచిందనుకుని తన పని తాను చేసుకుపోతుంది. ఏడాది పరీక్ష ఒక్క క్షణంలో అయిపోతుంది. ఆలస్యం సమస్య కూడా ఉండదు. ముళ్లు కదిపేదాకా కాలం కదలదు కాబట్టి పరీక్ష ఎన్నిసార్లు చేసినా ఫలితం ఒకటే.

ఒకప్పుడు ఈ గడియారాన్ని ఎవరికి వారు తయారుచేసుకునేవారు. గో భాష లైబ్రరీలో 2025 ఆగస్టు నుంచి అది తయారుగా దొరుకుతోంది. అందులో కాలం 2000 జనవరి 1 అర్ధరాత్రి మొదలవుతుంది. అన్ని పనులూ ఎదురుచూపుల్లో పడ్డప్పుడు గడియారం తనంతట తానే తర్వాతి గడువుకు దూకుతుంది.

ఉత్తుత్తి గడియారంతోనే పని పూర్తి కాదు. కుంచంలో పదో వంతు లాంటి వెలితి నిజమైన యంత్రం మీద, నిజమైన గంటలు నడిపితేనే కొన్నిసార్లు బయటపడుతుంది. అందుకని అనుభవమున్నవారు రెండూ చేస్తారు. మలుపులను చేత్తో తిప్పి చూస్తారు. ఒక యంత్రాన్ని మూలన పెట్టి వారాల తరబడి ఆపకుండా నడిపి, మంచి గడియారంతో పోల్చి చూస్తారు.

2038 జనవరి 19

ఇక ముందున్న మలుపు సంగతి. యునిక్స్ లెక్క 1970 జనవరి 1 నుంచి సెకన్లలో నడుస్తోంది. పాత యంత్రాల్లో దానికున్నవి 32 గడులు. అందులో ఒకటి ముందా వెనకా అని చెప్పటానికి పోతుంది. మిగిలిన 31 గడుల్లో 214 కోట్ల 74 లక్షల పైచిల్లర సెకన్లు పడతాయి. అవి 2038 జనవరి 19న నిండుతాయి. మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. ఆ మరుసటి సెకనుకు, దిద్దని యంత్రాలు 1901 డిసెంబరు అని చూపిస్తాయి.

దిద్దుబాట్లు ఎప్పుడో మొదలయ్యాయి. 64 గడుల యంత్రాలకు ఈ బెడద ఎన్నడో తీరింది. 32 గడుల యంత్రాల కోసం లినక్స్ 2020లో వచ్చిన 5.6 కూర్పులో కొత్త లెక్క పెట్టింది. ప్రోగ్రాములు వాడే ముఖ్యమైన లైబ్రరీ గ్లిబ్‌సి 2021 ఆగస్టులో వచ్చిన 2.34 కూర్పులో అదే సౌకర్యం ఇచ్చింది. కొత్త ఫోన్లకు, కొత్త కంప్యూటర్లకు భయం లేదు. మిగిలింది గోడలకూ స్తంభాలకూ బిగించి మరిచిపోయే చిన్న యంత్రాలు. వాటిలో ప్రోగ్రామును మార్చేవారుండరు.

పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు మన్నే సామాను ఇప్పుడు కొంటే అది 2038 దాటుతుంది. పంచాయతీ గాని, సహకార సంఘం గాని, రైతు గాని టైమరు ఉన్న యంత్రం కొనేటప్పుడు అమ్మేవాడిని ఒక మాట అడగవచ్చు. తేదీని 2038 జనవరి 20కి మార్చి, ఒకసారి ఆపి మళ్లీ నడిపి చూపించమనాలి. తేదీ సరిగ్గా చూపి, పెట్టిన టైముకు ఆగి, పెట్టిన టైముకు నడిస్తే మంచిదే. తర్వాత తేదీని మళ్లీ సరిచేయించుకోవాలి. ఈ పరీక్షను వాడుకలో ఉన్న యంత్రం మీద గాని, సొంత ఫోను మీద గాని చేయవద్దు. దుకాణంలో, కొనకముందే చేయించాలి.

పరీక్షకు పట్టేది అయిదు నిమిషాలు. దహ్రాన్‌లో యంత్రాన్ని ఒకసారి ఆపి నడపటానికి అంత కూడా పట్టేది కాదు.